జువాలజీ చదివితే ఏమొస్తుంది?

కప్ప గుండె, కట్లపాము విషం, తేలు నరం, రొయ్య కన్ను... వీటి మీద ఏళ్ల తరబడి పనిచేసిన అధ్యాపకుల చదువే ఇవాళ క్యాజువాల్టీలో ప్రాణాలు నిలబెడుతోంది. ఎంబీబీఎస్ సీటు రాక బీఎస్సీ వైపు చూస్తున్న పిల్లలు ఇంట్లో ఉంటే ఈ సంగతి మీరు తప్పక తెలుసుకోవాలి.

నీట్ ఫలితాలు వచ్చిన రోజుల్లో బీపీ, షుగర్ చూపించుకోవడానికి వచ్చే తల్లిదండ్రులు తమ జబ్బు గురించి రెండు ముక్కలు చెప్పి, పిల్లల గురించి పది ముక్కలు చెబుతారు. ‘‘సీటు రాలేదండీ. ఇంకో ఏడాది లాంగ్‌టర్మ్‌కి పంపమంటారా? లేకపోతే బీఎస్సీ జువాలజీలో పడెయ్యాలేమో’’ అంటారు. ఆ ‘పడెయ్యడం’ అన్న మాట పక్కనే కూర్చున్న పిల్లో, పిల్లాడో వింటూనే ఉంటారు.

లెక్క అందరికీ తెలిసిందే. ఇటీవలి ఏళ్లలో నీట్ రాసేవాళ్లు 20 లక్షలకు పైనే. దేశం మొత్తం మీద ఎంబీబీఎస్ సీట్లు లక్షకు కాస్త ఎక్కువ. అంటే బాగా చదివే పిల్లల్లో కూడా చాలామందికి సీటు రాదు. అలా రానివాళ్లంతా ఓడిపోయినట్టు మాట్లాడటం మన ఇళ్లలో అలవాటైపోయింది. జంతువుల గురించి చదవడమంటే డాక్టర్ చదువు దొరకనివాళ్లకు మిగిలిన పని అని మనమే తేల్చేశాం.

ప్రభుత్వాసుపత్రిలో పనిచేసే వైద్యుడిగా నాకు రోజూ కనిపించేది ఇందుకు పూర్తిగా వేరు. జంతువుల నాడులు, మెదడు ఎలా పనిచేస్తాయో చదివి, పాఠం చెప్పి, ప్రయోగాలు చేసిన మేష్టార్లు ఎక్కడో ఒకచోట లేకపోతే నేను వాడే మందుల్లో చాలా వాటికి అర్థమే ఉండేది కాదు. అదెలాగో మన గోదావరి జిల్లాల్లో అందరికీ తెలిసిన రెండు విషాలతోనే మొదలుపెడదాం.

రెండు విషాలు... ఒకటే చోటు

మొదటిది కట్లపాము విషం. వానాకాలం రాత్రుళ్లు నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. పెద్దగా నొప్పి ఉండదు, వాపు ఉండదు. కాటు గుర్తు కూడా చాలాసార్లు కనిపించదు. తెల్లవారుజామున కడుపునొప్పితోనో, గొంతు పట్టేసిందనో లేస్తారు. కాసేపటికి కనురెప్పలు వాలిపోతాయి. మాట ముద్దగా వస్తుంది. చివరికి ఊపిరి తీసుకునే కండరాలు చచ్చుబడతాయి.

రెండోది పురుగుమందు. చేలో పిచికారీ చేస్తూ ఒంటి మీద పడినా, లోపలికి వెళ్లినా ఆర్గానోఫాస్ఫేట్ రకం మందులు చేసే పని వేరుగా కనిపిస్తుంది. నోట్లోంచి సొంగ, ఒళ్లంతా చెమట, వాంతులు, విరేచనాలు వస్తాయి. కంటిపాపలు సూదిమొనంత అవుతాయి. ఊపిరితిత్తుల నిండా నీరు చేరినట్టు గురగుర వినిపిస్తుంది.

చూడటానికి ఇంత తేడా ఉన్నా ఈ రెండూ దెబ్బతీసేది ఒకే చోటును. నరం కొస కండరాన్ని కలిసే చోట సన్నని ఖాళీ ఒకటి ఉంటుంది. నరంలో వచ్చిన సంకేతం ఆ ఖాళీని దాటడానికి ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం బయటికి వస్తుంది. అవతలి ఒడ్డున కండరం మీదున్న గ్రాహకాలకు అతుక్కుంటుంది. కండరం కదులుతుంది. పని అయిపోగానే ఒక ఎంజైమ్ వచ్చి ఆ రసాయనాన్ని ముక్కలు చేసి ఊడ్చేస్తుంది. ఈ మొత్తం పని సెకనులో వందో వంతుకన్నా తక్కువ సమయంలో ముగుస్తుంది.

కట్లపాము విషం ముఖ్యంగా నరం కొసను పాడుచేస్తుంది. రసాయనం బయటికి రానే రాదు. నాగుపాము విషం అవతలి ఒడ్డున గ్రాహకాలను మూసేస్తుంది. పురుగుమందు ఊడ్చే ఎంజైమ్‌ను కట్టిపడేస్తుంది. రసాయనం పేరుకుపోయి శరీరం ఉక్కిరిబిక్కిరవుతుంది.

చికిత్సలో తేడా కూడా ఇక్కడి నుంచే వస్తుంది. నాగుపాము కాటులో పాము విషానికి విరుగుడు ఇంజెక్షన్‌తో పాటు నియోస్టిగ్మిన్ ఇస్తే రోగి చాలాసార్లు తేరుకుంటాడు. ఊడ్చే ఎంజైమ్‌ను కాసేపు ఆపి, ఉన్న రసాయనమే ఎక్కువసేపు పనిచేసేలా చేస్తుంది ఆ మందు. కట్లపాము కాటులో నరం కొసే దెబ్బతింటుంది కాబట్టి నియోస్టిగ్మిన్‌తో పెద్దగా ఫలితం ఉండదు. విరుగుడు త్వరగా ఇవ్వడం, నరం కొసలు కోలుకునేదాకా వెంటిలేటర్‌తో ఊపిరి నిలబెట్టడం ముఖ్యం. పురుగుమందు కేసులో అట్రోపిన్ ఇచ్చి, ఊపిరితిత్తులు పొడిబారేదాకా మోతాదు పెంచుతూ పోతాం.

ఇంత స్పష్టంగా చెప్పగలుగుతున్నామంటే ఆ ఖాళీలో ఏం జరుగుతోందో ఎవరో కూర్చుని చూశారన్నమాట. వాళ్లు చూసింది మనుషుల్లో కాదు.

కప్ప గుండె చెప్పిన రహస్యం

నరాలు కరెంటుతోనే పనిచేస్తాయా, రసాయనాలతోనా అన్న వాదన వందేళ్ల కిందట చాలా గట్టిగా నడిచింది. 1921లో ఆస్ట్రియాలోని గ్రాజ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు ఆటో లోవీ రెండు కప్పల గుండెలు తీసి ద్రావణంలో ఉంచాడు. మొదటి గుండెకు వెళ్లే వేగస్ నాడిని ప్రేరేపిస్తే ఆ గుండె నెమ్మదించింది. దాని చుట్టూ ఉన్న ద్రావణాన్ని తీసి రెండో గుండెకు పోస్తే, ఏ నాడీ ముట్టకుండానే అదీ నెమ్మదించింది. నాడి కొస నుంచి ఏదో రసాయనం విడుదలైందని రుజువైంది. అది ఎసిటైల్‌కోలినే అని తర్వాత తేలింది. లోవీకి, హెన్రీ డేల్‌కు 1936లో నోబెల్ వచ్చింది.

రసాయనం దొరికింది. మరి అది అతుక్కునే గ్రాహకం ఎక్కడ? 1963లో తైవాన్ పరిశోధకులు సీ.సీ. చాంగ్, సీ.వై. లీ అక్కడి కట్లపాము విషం నుంచి ఆల్ఫా బంగారోటాక్సిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. పేరులో బంగారం కనిపించినా అది కట్లపాము శాస్త్రీయ నామం ‘బంగారస్’ నుంచి వచ్చిందే. ఈ పదార్థం గ్రాహకాన్ని పట్టుకుంటే ఇక వదలదు. దాన్ని ఎరగా వాడి, షాక్ కొట్టే ఎలక్ట్రిక్ ఈల్ చేపలోంచి 1970లలో గ్రాహకాన్నే బయటికి తీశారు. ఆ చేపలో కరెంటు పుట్టించే అవయవం నిండా ఈ గ్రాహకాలే ఉంటాయి.

1973లో అమెరికాలో జిమ్ పాట్రిక్, జాన్ లిండ్‌స్ట్రామ్ ఆ చేప గ్రాహకాన్ని కుందేళ్లకు ఎక్కించారు. కుందేళ్లు నీరసించి మెడలు వాల్చేశాయి. వాటి రోగనిరోధక శక్తి ఆ గ్రాహకం మీద తిరగబడుతూ సొంత కండరాలనూ దెబ్బతీసింది. మనుషుల్లో మయస్తీనియా గ్రావిస్ అనే జబ్బు అచ్చం ఇలాగే ఉంటుంది. పొద్దున బాగానే ఉంటారు, సాయంత్రానికి రెప్పలు వాలిపోతాయి. నాలుగు ముద్దలు నమిలేసరికి దవడలు అలసిపోతాయి. పాతకాలంలో దీన్ని చాలామంది మానసిక బలహీనత అనుకునేవారు. ఇప్పుడు రక్తపరీక్షతో పట్టుకుంటున్నాం. ఆ పరీక్షను తయారుచేయడానికి వాడింది కూడా ఆ కట్లపాము పదార్థాన్నే.

కప్ప, పాము, చేప, కుందేలు... ఈ గొలుసులో ఒక్కరు కూడా మొదట ‘ఈ జబ్బుకు మందు కనిపెడదాం’ అని బయల్దేరలేదు. నరం ఎలా పనిచేస్తుందో తెలుసుకుందామని బయల్దేరారు.

ఇంకో గొలుసు మన సర్పగంధితో మొదలవుతుంది. ఆ వేరులోని రిసర్పిన్‌ను బీపీకి, మానసిక జబ్బులకు వాడిన రోజులున్నాయి. సర్పగంధితో బీపీ తగ్గుతుందని బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో బ్రిటిష్ వైద్య పత్రికలో రాశారు. 1957లో స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ రిసర్పిన్ ఇచ్చిన కుందేళ్లను గమనించాడు. అవి కదలకుండా బిగుసుకుపోయాయి. ఎల్-డోపా ఇవ్వగానే లేచి తిరిగాయి. మెదడులో డోపమైన్ తగ్గితే కదలిక ఆగిపోతుందని అలా అర్థమైంది. ఇవాళ పార్కిన్సన్స్‌తో చేతులు వణుకుతున్న మీ నాన్నగారికో, మామయ్యగారికో న్యూరాలజిస్ట్ రాసే మాత్రలో ఉండేది ఆ ఎల్-డోపానే. కార్ల్‌సన్‌కు 2000లో నోబెల్ వచ్చింది.

మన చెరువుల్లోనూ ఇదే శాస్త్రం

ఇదంతా ఎక్కడో విదేశాల్లో జరిగిన వ్యవహారం అనుకోకండి. భీమవరం చుట్టుపక్కల ఏ రొయ్యల రైతునైనా పిల్ల ఎక్కడి నుంచి వచ్చిందని అడగండి. సముద్రం ఒడ్డునున్న హేచరీల నుంచి అంటారు. తల్లి రొయ్య తొట్టెలో గుడ్లు పెట్టడానికి త్వరగా సిద్ధం కావాలంటే దాని ఒక కంటి కాడను కత్తిరించడం హేచరీల్లో దశాబ్దాలుగా ఉన్న పద్ధతి. కంటికీ గుడ్లకూ ఏమిటి సంబంధం?

రొయ్య కంటి కాడలో నాడీకణాల గుంపు ఒకటుంటుంది. అండాశయం ఎదగకుండా ఆపే హార్మోన్‌ను అవే తయారుచేస్తాయి. దాన్ని తీసేస్తే ఆ అడ్డు తొలగిపోతుంది. ఈ సంగతిని 1943లో పనూజ్ అనే ఫ్రెంచ్ జీవశాస్త్రవేత్త రొయ్యల్లో చూపించాడు. అప్పుడది వట్టి కుతూహలం. ముప్పై నలభై ఏళ్ల తర్వాత ప్రపంచవ్యాప్తంగా ఒక పరిశ్రమ దాని మీద నిలబడింది. కాడ కత్తిరించకుండానే అదే ఫలితం సాధించే మార్గాలు వెతకడం ఇప్పుడు పరిశోధకుల ముందున్న పని. రొయ్యకు నొప్పి తెలుస్తుందా అన్న ప్రశ్న కూడా నాడీ జీవశాస్త్రంలో గట్టిగా చర్చకు వస్తోంది. మన డెల్టా పిల్లలకు ఇంత దగ్గరలో ఉన్న పరిశోధనాంశం మరొకటి ఉండదు.

తిరుపతి తేళ్లు

1954లో ఏర్పడిన తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో జువాలజీ శాఖ చేసిన పని ఇక్కడ చెప్పుకోవాలి. అక్కడ ఆచార్యుడిగా పనిచేసిన కె. పంపాపతిరావు యువకుడిగా అమెరికాలో ప్రసిద్ధ నాడీ జీవశాస్త్రవేత్త థియోడర్ బుల్లక్‌తో కలిసి పరిశోధన చేశారు. సముద్రపు ఆల్చిప్పలు ఆటుపోట్ల లయను ప్రయోగశాల తొట్టెలో కూడా మరచిపోవని 1954లో ఆయన ప్రచురించిన పత్రాన్ని, జీవగడియారాల గురించి రాసేవాళ్లు ఆ తర్వాత ఎంతోకాలం ప్రస్తావిస్తూ వచ్చారు.

తిరుపతిలో ఆ బృందం ఎంచుకున్న జంతువుల్లో తేలు ఒకటి. పగలు రాయి కింద దాక్కుని, రాత్రి బయటికి వచ్చే జీవి. ఆ రాత్రీపగలూ తేడా దాని నరాల్లో కనిపిస్తుందా అన్నది వాళ్ల ప్రశ్న. జంతువుల చురుకుదనంలోని రోజువారీ లయ వెనక రక్తంలో ప్రవహించే పదార్థాల పాత్ర గురించి పంపాపతిరావు, టి. గోపాలకృష్ణారెడ్డి రాసిన పత్రం 1967లో ‘నేచర్’ పత్రికలో వచ్చింది. మరుసటి ఏడాది వెంకటాచారి, మురళీకృష్ణదాస్ తేలు నాడీ తంతులో కోలిన్ ఎస్టరేజ్ చురుకుదనం కూడా రోజులో వేళను బట్టి లయబద్ధంగా మారుతుందని మరో అంతర్జాతీయ పత్రికలో చూపించారు. పురుగుమందు కట్టిపడేసేది ఈ రకం ఎంజైమ్‌నే అని గుర్తుంచుకోండి. తర్వాతి దశాబ్దాల్లో ఆ విశ్వవిద్యాలయ పరిశోధకులే మిథైల్ పారాథియాన్ వంటి పురుగుమందులు చేపల శరీరాన్ని ఎలా దెబ్బతీస్తాయో వరుసగా అధ్యయనం చేశారు. పీతల్లో కంటి కాడ హార్మోన్ల మీదా పనిచేశారు.

శరీరంలో గడియారం ఉందన్న సంగతికి జన్యువుల స్థాయిలో వివరణ ఇచ్చినవాళ్లకు 2017లో నోబెల్ వచ్చింది. వాళ్లు పనిచేసింది పండ్ల మీద వాలే చిన్న ఈగల మీద. ఇవాళ రాత్రంతా చెరువు గట్టున ఏరియేటర్ల దగ్గర మేలుకునే రైతుకు, నైట్ డ్యూటీ నర్సుకు, లారీ డ్రైవర్‌కు షుగర్, బీపీ ఎందుకు అదుపు తప్పుతాయో వివరించేటప్పుడు మేం ఆధారపడేది ఈ శాస్త్రం మీదే. తేలు దగ్గర అడిగిన ప్రశ్నకు జవాబు చివరికి మన ఇంటి దాకా వచ్చింది.

విశాఖలో చదివి... మెదడు పరిశోధనకు

ఈ దారిలో జీవితం ఎలా ఉంటుందో తెలియాలంటే విజయలక్ష్మీ రవీంద్రనాథ్ ప్రయాణం చూడండి. చెన్నైలో పుట్టిన ఆవిడ డిగ్రీ, పీజీ చదివింది ఆంధ్ర విశ్వవిద్యాలయంలో. 1981లో మైసూరు విశ్వవిద్యాలయం నుంచి బయోకెమిస్ట్రీలో పీహెచ్‌డీ తీసుకున్నారు. అమెరికాలో పరిశోధన చేసి వచ్చి 1986లో బెంగళూరు నిమ్‌హాన్స్‌లో చేరారు. హరియాణాలోని మానేసర్‌లో ఉన్న జాతీయ మెదడు పరిశోధన కేంద్రానికి వ్యవస్థాపక డైరెక్టర్ అయ్యారు. తర్వాత ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో న్యూరోసైన్స్ కేంద్రాన్ని నడిపించారు. 1996లో భట్నాగర్ పురస్కారం, 2010లో పద్మశ్రీ అందుకున్నారు. ఆవిడ ఎంబీబీఎస్ చదవలేదు.

ఆవిడ బృందం చేసిన పనిలో ఒకటి కేసరి పప్పు గురించి. కొన్నిచోట్ల దీన్ని లంకపప్పు అంటారు. కరువు రోజుల్లో నెలల తరబడి అదే తిన్నవాళ్లకు కాళ్లు బిగుసుకుపోయి నడక పోతుంది. ఇందులోని విషం నాడీకణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాను దెబ్బతీస్తుందని ఎలుకజాతి జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో చూపించారు. ఈ జబ్బు మగవాళ్లలోనే ఎక్కువ. ఆడ జంతువుల మెదడులో రక్షణనిచ్చే ఒక ఎంజైమ్ ఎక్కువగా ఉండటం అందుకు ఒక కారణం కావచ్చని తేలింది. పల్లె పేదల కాళ్లు పడిపోవడం వెనకున్న కారణాన్ని మైటోకాండ్రియా దాకా వెతుక్కుంటూ వెళ్లిన పని ఇది.

మన గడ్డకు ఇలాంటి దారి కొత్త కూడా కాదు. 1895లో భీమవరంలో పుట్టి, రాజమహేంద్రవరంలో చదువుకున్న యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్యులేషన్‌లో ఒకటికి రెండుసార్లు తప్పారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్‌కు బదులు ఎల్ఎంఎస్ మాత్రమే ఇచ్చారు. ప్రాక్టీసు పెట్టకుండా ప్రయోగశాలకు వెళ్లారు. కండరంలో శక్తిని దాచిపెట్టే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి వెల్లడించారు. మన జిల్లాల్లో బోదకాలుకు ఇచ్చే డీఈసీ మాత్ర ఆయన నాయకత్వంలోని లెడర్లీ పరిశోధన విభాగం నుంచి వచ్చిందే.

ఉద్యోగం ఎలా ఉంటుంది?

దారి ఇలా ఉంటుంది. ఇంటర్ బైపీసీ తర్వాత బీఎస్సీ, ఆపైన జువాలజీ, బయోకెమిస్ట్రీ, న్యూరోసైన్స్, లైఫ్ సైన్సెస్‌లలో ఏదో ఒక ఎమ్మెస్సీ. రాజమహేంద్రవరం ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల, కాకినాడ పి.ఆర్. ప్రభుత్వ కళాశాల వంటివి మన దగ్గరే ఉన్నాయి. ఐదేళ్ల కోర్సు కావాలంటే 2015లో మొదలైన తిరుపతి ఐసర్ ఉంది. దీనికి ఐసర్ సంస్థలు విడిగా ప్రవేశ పరీక్ష పెడతాయి. నీట్ ర్యాంకుతో పని లేదు. పీజీ తర్వాత సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ రాసి జేఆర్ఎఫ్ తెచ్చుకుంటే పీహెచ్‌డీ చేస్తూ నెలకు 37,000 రూపాయలు, సీనియర్ అయ్యాక 42,000 ఫెలోషిప్ వస్తుంది. 2023 జనవరి నుంచి ఈ రేట్లు అమల్లో ఉన్నాయి. హైదరాబాద్ సీసీఎంబీ, హైదరాబాద్ విశ్వవిద్యాలయం, బెంగళూరులోని నిమ్‌హాన్స్, ఎన్‌సీబీఎస్, ఐఐఎస్‌సీ ఈ పరిశోధన జరిగే చోట్లు.

కష్టాలూ చెప్పాలి. పీహెచ్‌డీ పూర్తయ్యేసరికి ముప్పై దగ్గర పడతాయి. ఇంజినీరింగ్ చదివిన స్నేహితులు అప్పటికే కారు కొనుక్కుని ఉంటారు. ఆపైన విదేశంలోనో, ఇక్కడో కొన్నేళ్లు పోస్ట్‌డాక్ చేయాలి. యూజీసీ ఏడో వేతన స్కేలులో అసిస్టెంట్ ప్రొఫెసర్ మూలవేతనం 57,700 నుంచి మొదలవుతుంది. మంచి జీతమే. కానీ ఆ శాశ్వత పోస్టు కోసం చాలామంది ఏళ్ల తరబడి గెస్టు లెక్చరర్లుగా, కాంట్రాక్టు మీద పనిచేస్తున్నారు. నెలల తరబడి చేసిన ప్రయోగం ఒక్కోసారి ఏమీ తేల్చదు. ప్రయోగం ఒకవైపు, వారానికి ఇన్ని క్లాసులు మరోవైపు. గ్రాంటు కోసం రాసిన ప్రతిపాదన తిరిగి వస్తే మళ్లీ రాయాలి.

మరో భయం... ‘మా అమ్మాయి కప్పను కోయలేదండీ’ అని. ఇప్పుడు ఆ అవసరం లేదు. డిగ్రీ, పీజీ తరగతుల్లో జంతువులను కోయడం మాన్పించాలని యూజీసీ 2014లో ఆదేశించింది. పరిశోధనలో జంతువును వాడాలంటే సంస్థలోని నైతిక కమిటీ అనుమతి తప్పనిసరి. వీలైన చోట జంతువుకు బదులు వేరే మార్గం వాడాలి. తప్పనప్పుడు తక్కువ జంతువులతో, వాటికి తక్కువ బాధతో పని ముగించాలి. కంప్యూటర్ మీద జరిగే పని కూడా బాగా పెరిగింది. పండ్ల ఈగ మెదడులోని దాదాపు 1,39,000 నాడీకణాల కలయికల పూర్తి పటాన్ని 2024లో ప్రచురించారు. దాన్ని మన ఊళ్లో కూర్చుని ల్యాప్‌టాప్‌లో చూడొచ్చు. లెక్కలు, కోడింగ్ వచ్చిన బైపీసీ పిల్లలకు ఇక్కడ చాలా పని ఉంది.

ఎవరికి నప్పుతుంది? చీమల బారును పావుగంట చూస్తూ కూర్చునే పిల్లలకు. ‘ఎందుకు?’ అని అడిగి, జవాబు దొరక్కపోయినా విసుక్కోని పిల్లలకు. చేసిన పనినే పదిసార్లు చేసి, చూసింది చూసినట్టు నోట్సులో రాసుకోగలిగే పిల్లలకు. క్లాసులో వెనక బెంచీవాడికి అర్థమయ్యేదాకా చెప్పే ఓపిక ఉంటే మరీ మంచిది. నెలాఖరుకు స్థిరమైన ఆదాయం ఇంటికి వెంటనే అవసరమైతే బీఎస్సీ, బీఈడీతో బడిలో టీచరుగా చేరి కూడా ఈ శాస్త్రాన్ని బతికించవచ్చు. నాడీ శాస్త్రవేత్తల్లో చాలామందికి మొదటి ఆసక్తి కలిగించింది స్కూలు మేష్టారే.

తల్లిదండ్రులకు ఒక మాట

ఫలితాల రోజుల్లో పురుగుమందు తాగిన పిల్లలూ ఆసుపత్రికి వస్తారు. అందరినీ బతికించలేం. బతికినవాళ్లతో తర్వాత మాట్లాడితే చాలామంది చెప్పేది ఒకటే: ‘‘ఇంట్లో ముఖం ఎలా చూపించాలో తెలియలేదు సార్.’’ వాళ్లను మృత్యువు నుంచి వెనక్కి తెచ్చే అట్రోపిన్ ఏ రసాయనానికి అడ్డుపడుతుందో చెప్పిన శాస్త్రాన్నే మనం ‘సీటు రానివాళ్ల చదువు’ అంటున్నాం.

ర్యాంకు రాగానే బంధువులకు ఫోన్లు చేయకండి. మొదటి రెండు మూడు రోజులు ‘తర్వాత ఏంటి?’ అని అడగకండి. లాంగ్‌టర్మ్ కావాలా, వద్దా అన్నది పిల్లలతో కూర్చుని, వాళ్ల మాట విని తేల్చండి. డిగ్రీలో చేరితే ‘పడేశాం’ అనకుండా ‘చేర్పించాం’ అనండి. దగ్గర్లోని కాలేజీకి తీసుకెళ్లి జువాలజీ అధ్యాపకులతో ఒక గంట మాట్లాడించండి. నిద్ర పట్టకపోవడం, తిండి మానేయడం, ఎవరితోనూ మాట్లాడకపోవడం, ‘నేను లేకపోతే మీకు హాయి’ వంటి మాటలు కనిపిస్తే ఆ రోజే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. టెలీ-మానస్ 14416 నంబరుకు ఏ సమయంలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఇంట్లో పురుగుమందు ఉంటే తాళం వేసి ఉంచండి.

ఇవి గుర్తుంచుకోండి

పాము కాటు

• వానాకాలంలో నేల మీద పడుకోవద్దు. మంచం మీద, దోమతెర అంచులు పరుపు కిందకు దోపి పడుకోండి. రాత్రి బయటికి వెళ్తే టార్చి తప్పనిసరి.

• తెల్లవారుజామున కారణం లేని కడుపునొప్పి, రెప్పలు వాలడం, మింగలేకపోవడం ఉంటే కాటు కనిపించకపోయినా ఆసుపత్రికి రండి.

• కరిచిన కాలును, చేతిని కదలకుండా కర్ర కట్టి ఉంచండి. ఉంగరాలు, పట్టీలు తీసేయండి. కోయడం, నోటితో పీల్చడం, తాడు బిగించి కట్టడం, ఆకుపసర్లు వద్దు.

• పామును వెతుక్కుంటూ సమయం పోగొట్టుకోకండి. 108కి ఫోన్ చేయండి. మన దేశంలో ఇచ్చే విరుగుడు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ పనిచేస్తుంది. ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం.

పురుగుమందు

• ఒంటి మీద పడితే బట్టలు విప్పేసి సబ్బుతో, ఎక్కువ నీళ్లతో కడగండి. సాయం చేసేవాళ్లు చేతులకు తొడుగులు వేసుకోండి.

• మింగితే వాంతి చేయించడానికి ఉప్పునీళ్లు, సబ్బునీళ్లు తాగించొద్దు. స్పృహ తగ్గితే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి.

• మందు డబ్బానో, దాని మీది చీటీనో ఆసుపత్రికి తీసుకురండి. ఏ రకం మందో తెలిస్తే చికిత్స త్వరగా మొదలవుతుంది.

• పిచికారీకి గాలి వాటం చూసుకోండి. మాస్కు, పూర్తి చేతుల చొక్కా వేసుకోండి. పని అయ్యాక స్నానం చేసేదాకా తిండి, బీడీ, చుట్ట ముట్టొద్దు.

(రచయిత ప్రభుత్వాసుపత్రిలో జనరల్ మెడిసిన్ వైద్యులు)